దేశమన్న మాట

ఢిల్లీలో నా చిన్నతనమంతా మేము మద్రాసీలముగానే బ్రతికాము. మా నాన్నగారు 1958లో తెనాలి తాలూకా నుండి సెక్రటేరియటులో గుమాస్తా ఉద్యోగానికి వచ్చారు. సరోజినీనగరు క్వార్టర్లలో వింధ్యకు దక్షిణాన పుట్టిన ప్రతి ప్రాణీ మద్రాసీయే. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న మద్రాసు నుండి వేరుపడినదనీ, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడినదనీ నాన్నగారు ఓపికగా వివరించేవారు. విన్నవారు తల ఊపి, అయితే మద్రాసు పక్కనే గదా అని సమాధానపడేవారు.

1983 జనవరి మొదటి వారంలో ఈ పరిస్థితి మారింది. ఆకాశవాణి హిందీ వార్తలలో ‘తెలుగు దేశమ్’ అన్న మాట వినవచ్చింది. అంతకు తొమ్మిది నెలల క్రితం, 1982 మార్చి 29న, నందమూరి తారకరామారావుగారు హైదరాబాదులో స్థాపించిన పార్టీ 294 స్థానాల శాసనసభలో రెండు వందలకు పైగా గెలుచుకొని, 1956 నుండి ఎడతెగక సాగిన కాంగ్రెసు పాలనను తొలగించింది. పాతికేళ్ళు చెప్పి చెప్పి నాన్నగారు నేర్పలేకపోయిన పాఠాన్ని సైకిలు గుర్తు మీద గెలిచిన శాసనసభ్యులు ఒక్క పూటలో నేర్పారు. మరునాడు బడిలో మా పంతులమ్మ నన్ను నిలబెట్టి, మీ భాష పేరు తెలుగు గదా అని అడిగింది. అప్పటికి నాకు పదమూడేళ్ళు. ఆ ప్రశ్న నన్ను అడిగినవారు అంతవరకు ఎవరూ లేరు.

ఆ సాయంకాలమే మా పక్క క్వార్టరు పెద్దమనిషి వచ్చారు. 1947లో లాయల్పూరు నుండి కట్టుబట్టలతో వచ్చినవారు. నాన్నగారికి మంచి స్నేహితులు. కూర్చోకుండానే, “యే లోగ్ అలగ్ దేశ్ మాంగ్ రహే హైఁ క్యా?” అన్నారు. వీరు వేరే దేశం కోరుతున్నారా అని. ఆ గొంతులో ఎగతాళి ఏమాత్రమూ లేదు, భయం ఉన్నది. పంజాబు, అస్సాము వార్తలు ప్రతి ఉదయమూ పత్రికల తొలి పుటను నింపుతున్న రోజులవి. నాన్నగారు తడబడి, మా భాషలో దేశమంటే ప్రాంతమని మాత్రమే అర్థమని చెప్పారు. “అయితే ప్రాంతమనే పెట్టుకొని ఉండవలసింది” అని ఆయన టీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు.

గాంధీటోపీ పెట్టుకొని బడికి వెళ్ళిన తరంవాడు మా నాన్నగారు, కాంగ్రెసు అభిమాని. ఆ రాత్రి ఆయన కోపమంతా రామారావుగారి మీద. తెనాలిలో రామారావుగారి చిత్రాలు ఒక్కటీ విడువక చూసిన మా అమ్మ మాత్రం మారుమాట్లాడకుండా పరమాన్నం వండింది.

నాన్నగారు చెప్పినది అబద్ధం కాదు. తెలుగులో దేశమన్న మాటకు వైశాల్యం మాట్లాడే మనిషి నిలుచున్న చోటును బట్టి ఉంటుంది. పరదేశి అనగా పరాయి రాజ్యపు పౌరుడే కానక్కరలేదు. దారి తప్పి మన అరుగు మీద పడుకున్న బాటసారియూ పరదేశియే. దేశవాళీ విత్తనమన్నప్పుడు మన నేలకు అలవాటుపడినదని అర్థం. ఇల్లు విడిచి తిరుగుతున్నవాణ్ణి దేశాలు పట్టిపోయాడంటాము. ఈ పార్టీ పుట్టడానికి ఎంతో ముందునుండి తెలుగు మాట్లాడే నేలను తెలుగుదేశమనీ ఆంధ్రదేశమనీ పెద్దలు వ్రాశారు. అట్లు వ్రాసినవారిలో భారత స్వాతంత్ర్యం కోసం చెరసాలకు వెళ్ళినవారు ఎందరో. ఆ రెండు దేశాలకూ వారి మనస్సులో తగవు లేదు. హిందీలో ‘దేశ్’ ఇంత సులువుగా ముడుచుకోదు. 1947 తరువాత ఆ మాట చుట్టూ ఒక సరిహద్దు పడింది. ఆ సరిహద్దును కాలినడకన దాటివచ్చిన మనిషికి మా నాన్నగారి నిఘంటువు ఏమి ఊరట ఇవ్వగలదు?

1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ రామారావుగారి ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిని చేశారు. అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని అప్పుడే తిరిగివచ్చిన రామారావుగారు తన శాసనసభ్యులను ఢిల్లీకి తీసుకొనివచ్చి, ఆగస్టు 21న చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవనానికి వెళ్ళి, జ్ఞానీ జైల్ సింగ్‌గారి ఎదుట తన బలం లెక్క చూపారు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అటువంటి చోట కనబడరాదని నాన్నగారు ఆ పూట కచేరీ వదలలేదు. అయితే మధ్యాహ్న విరామంలో మేడ మీది వరండాలోకి వెళ్ళి, రైసినా కొండ వైపు చూస్తూ నిలబడ్డానని ఎన్నో ఏళ్ళ తరువాత చెప్పారు. ఏమి కనబడిందని అడిగాను. ఏమీ కనబడలేదన్నారు.

సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి అయిన వార్త విని లాయల్పూరు పెద్దమనిషి మిఠాయి పొట్లంతో వచ్చారు. మీవాడు గెలిచాడన్నారు. దేశం సంగతి ఆయనా ఎత్తలేదు, నాన్నగారూ ఎత్తలేదు.

ఆ సంవత్సరాంతంలో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో దేశమంతా కాంగ్రెసు గాలి వీచి ఆ పార్టీకి నాలుగు వందలకు పైగా స్థానాలు రాగా, తెలుగుదేశం ముప్పది గెలిచి, ఒక రాష్ట్రపు పార్టీగా ఉంటూనే ప్రతిపక్షాలన్నింటిలో పెద్దది అయింది. భారతీయ జనతా పార్టీకి ఆనాడు వచ్చినవి రెండు. అందులో ఒకటి మన హనుమకొండ. సభలో పదోవంతు బలం లేనందున ప్రతిపక్ష నాయకుడన్న హోదా మాత్రం తెలుగుదేశానికి దక్కలేదు.

ఇట్లు వచ్చినవారిలో పలువురికి హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అంతకంటె తక్కువ. రాజ్యాంగం 120వ అధికరణం వీరికి ఒక దారి చూపింది. పార్లమెంటు కార్యకలాపాలు హిందీలోగాని ఇంగ్లీషులోగాని జరగాలి. అయితే ఆ రెండింటిలోనూ తన భావాన్ని తగినంతగా వెల్లడించలేని సభ్యునికి మాతృభాషలో మాట్లాడేందుకు సభాధ్యక్షుడు అనుమతి ఇవ్వవచ్చును. నేను ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా ‘వెల్లడించలేని’ అన్నచోట ఆగిపోతాను. తెలుగువాడి ఆత్మగౌరవమన్న నినాదంతో గెలిచివచ్చిన మనిషి, సభలో తెలుగు మాట్లాడాలంటే, ముందుగా తన అశక్తతను ఒప్పుకోవాలి. మాట్లాడిన తరువాత, ముద్రితమైన చర్చల సంపుటంలో ఆ ప్రసంగం ఇంగ్లీషులో కనబడుతుంది. పేరు పక్కన ఒక చుక్క గుర్తు, పుట అడుగున ఇది తెలుగులో చేసిన ప్రసంగానికి ఆంగ్లానువాదమని ఒక పంక్తి. అనువదించినవారి పేరు ఉండదు. ఉండనక్కరలేదు కూడా, నా పేరు లేని అనువాదాలే నేనూ పేర్చుకున్నాను.

నేను హిందీలో ఎం. ఏ. పూర్తిచేసి కొలువు వెదుక్కుంటున్న రోజులలో, 1993లో, ఒక కోస్తా జిల్లా నుండి ఆ పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికైన ఒక సభ్యుని వద్ద కొంతకాలం పనిచేశాను. పెద్ద ఉద్యోగమేమీ కాదు. నార్త్ ఎవెన్యూలోని వారి ఇంటికి వారానికి మూడు రోజులు వెళ్ళి, హిందీలో వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పడం, వారు తెలుగులో చెప్పినదానిని హిందీలో వ్రాయడం. ఆయన చెరకు రైతు. మా నాన్నగారికి దూరపు బంధువుల ద్వారా పరిచయం కాబట్టి నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయీ అనేవారు. పెట్టుబడుల గురించి, పరిశ్రమల గురించి వచ్చిన కాగితాలను పక్కన పెట్టి, ఏ పల్లెటూరి నుండియో నలిగిన కార్డు వస్తే దానిని ముందు చదివించుకొనేవారు. అప్పటికి ఆంధ్రలో వారి పార్టీ అధికారంలో లేదు. అడిగినవారికి చేసిపెట్టగలిగినది తక్కువ. జవాబు మాత్రం అందరికీ వెళ్ళేది.

ఆ చలికాలంలో గాజియాబాదు జిల్లా మోదీనగరు దగ్గరి ఒక గ్రామం నుండి చెరకు రైతులు ఆయనను సభకు పిలిచారు. మిల్లులవారు బకాయిలు చెల్లించడం లేదన్నది వారి గోడు; దక్షిణాది చెరకు రైతు ఒకడు పార్లమెంటులో ఉన్నాడని ఎవరో చెప్పారు. తెలుగులో మాట్లాడతాను, అమ్మాయి హిందీలో చెబుతుంది అన్నారు ఆయన. అప్పటికి కాగితం మీద తప్ప నోటితో నేను ఎన్నడూ అనువాదం చేసి ఎరుగను. కారులో వారి భార్యగారు కూడా వచ్చారు, అక్కడి బెల్లం చూడాలని.

సభకు ముందు గానుగ పక్కన నులకమంచాల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. చక్కెర మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసి విరమించిన ఒక వృద్ధుడు మా ఎదుట కూర్చొని తన సంగతులు చెప్పాడు. పుట్టినది బలియా జిల్లా. ఇక్కడికి వచ్చి నలుబది ఏళ్ళు దాటినా, “అప్నా దేస్ తో బలియా హై” అన్నాడు. నేను దానిని అనువదించలేదు. అనువదించవలసినంత మాటగా నాకు తోచలేదు.

సభ బాగానే నడిచింది. ఒక విచిత్రం గమనించాను. సంస్కృతం నుండి రెండు భాషలకూ వచ్చిన గంభీరమైన మాటల దగ్గరనే నేను ఆగి వెదుక్కోవలసి వచ్చింది. ఆయన అవసరమంటే నేను జరూరత్ అనాలి. అవసర్ అన్నానా, అక్కరకు బదులు అవకాశం అవుతుంది. ఉపన్యాసమంటే భాషణ్ అనాలి. ఉపన్యాస్ అంటే నవల. కాని తహసీలు కచేరీలలో పుట్టిన మాటలు తిన్నగా నడిచివెళ్ళాయి. బకాయి అని ఆయన అనగానే నా నోటి కోసం ఆగకుండా రైతులంతా నవ్వారు. జిల్లా, జప్తు, దరఖాస్తు — ఒక్కటీ నన్ను అడగలేదు.

ఆయన నాలుగైదుసార్లు “మా రాష్ట్రంలో” అన్నారు. నేను నాలుగైదుసార్లు “హమారే రాజ్య మేఁ” అన్నాను. ఆరవసారి గొంతు ఎండి, మనస్సు ముందు వాక్యం మీద ఉండి, “హమారే రాష్ట్ర్ మేఁ” అనేశాను. హిందీలో రాష్ట్రమంటే యావత్తు జాతి, యావద్భారతం. మా రాష్ట్రంలో మిల్లులు ఇట్లా, మీ రాష్ట్రంలో అట్లా అన్న వాక్యం ఎట్లు వినబడి ఉంటుందో పాఠకులు ఊహించగలరు.

బలియా వృద్ధుడు లేచాడు. “ఆప్ కా రాష్ట్ర్ హమ్ సే అలగ్ హై క్యా?” — మీ రాష్ట్రం మాకు వేరా? సభలో గుసగుసలు. పదేళ్ళనాడు మా వాకిట నిలబడిన ప్రశ్నయే అది. ఈసారి దానిని పిలిచినది నేను.

బాబాయిగారు నా వైపు వంగి, ఏమంటున్నాడని అడిగారు. తప్పు ఒప్పుకొనేందుకు ఆ క్షణం చాలు. నేను, “ఇక్కడి చెరకుకూ మన చెరకుకూ తేడా ఏమిటని అడుగుతున్నారు” అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక్కసారి చూసి, కార్శి తోట గురించి, కాలువ నీటి తడుల గురించి నిదానంగా నాలుగు మాటలు చెప్పారు. నేను జనం వైపు తిరిగి, మన రాష్ట్రం ఒక్కటే, భారతం ఒక్కటే, నేను చెప్పినది ఆంధ్రప్రదేశ్ గురించి అని ఆయన అన్నట్లుగా హిందీలో అల్లాను. చప్పట్లు మోగాయి. వృద్ధుడు దండం పెట్టి కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో మురాద్‌నగరు దాటేవరకు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆయన అన్నారు: “అమ్మాయీ, చిన్నప్పుడు మా ఊళ్ళో హిందీ ప్రచార సభ పరీక్షలకు కూర్చున్నాను. ప్రాథమిక గట్టెక్కాను, మధ్యమ గట్టెక్కాను, రాష్ట్రభాష తప్పాను. మాట్లాడడం రాదు గాని, కార్శి తోటకు ‘భారత్ ఏక్ హై’ అని అర్థం కాదన్నంత హిందీ నాకు వచ్చు.”

నేను ఏడుపు ఆపుకుంటూ నా పొరపాటు చెప్పాను. పొరపాటుకు ఆయన ఏమీ అనలేదు. “మాట జారడం ఎవరికైనా ఉన్నదే. కాని ఆ ప్రశ్న నన్ను అడిగింది. జవాబు నేను చెప్పవలసింది. ఓట్లు వేసి నన్ను పంపారు, నిన్ను కాదు గదా” అన్నారు.

ఏమి చెప్పి ఉండేవారని అడిగాను. “టీ తాగేటప్పుడు ఆయనే అన్నాడు, తన దేశం బలియా అని. అదే అడిగేవాణ్ణి. బలియా నీ దేశమైనప్పుడు, నాకూ ఒకటి ఉండకూడదా అని.”

వారి భార్యగారు వెనుకకు తిరిగి, “పిల్లను ఇక వదిలిపెట్టండి” అని నా చేతిలో ఒక బెల్లపు ముక్క పెట్టారు.

ముప్పది ఏళ్ళుగా ఈ రెండు భాషల నడుమ బ్రతుకుతున్నాను. ఇంతకంటె మంచి అనువాదం నాకు దొరకలేదు. హిందీలో దేశ్ అన్న పెద్ద మాట పక్కనే దేస్ అన్న చిన్న మాట ఉన్నది. పొట్ట చేతపట్టుకొని ఢిల్లీకి, గాజియాబాదుకు వచ్చిన తూర్పువారి నోట అది రోజూ వినబడుతుంది. అది వారి ఊరు, వారి యాస, వారి పొలం. తెలుగుదేశంలోని దేశం దానికి సోదరమే. ఆనాడు మా నాన్నగారికి ఆ మాట తోచి ఉంటే లాయల్పూరు పెద్దమనిషి టీ తాగి వెళ్ళేవారు. విడిచివచ్చిన ఊరిని తలచుకొనేటప్పుడు ఆయనా దేస్ అనే అనేవారు.

అంతమాత్రాన ఆ పార్టీ చేసినదంతా నాకు సమ్మతమని కాదు. 1978, 1983 ఎన్నికల నడుమ నలుగురు ముఖ్యమంత్రులను మార్చిన ఢిల్లీ అధిష్ఠానాన్ని నిందించి పుట్టిన పార్టీలో, 1995 ఆగస్టులో వ్యవస్థాపకుని సొంత శాసనసభ్యులే ఆయనను దించి చంద్రబాబునాయుడుగారిని ముఖ్యమంత్రిని చేశారు. అధిష్ఠానం అన్న మాట హైదరాబాదుకు ఇల్లు మారింది, అంతే. తెలుగుదేశమన్న పేరులో తమ చోటు వినబడదని చెప్పిన తెలంగాణ మిత్రులు నాకు ఉన్నారు. ఆ పార్టీ తరఫున శాసనసభ ఉపసభాపతిగా ఉండిన చంద్రశేఖరరావుగారు 2001 ఏప్రిల్‌లో బయటికి వచ్చి తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించారు. మళ్ళీ అదే చిక్కు. మనకు రాష్ట్రం, హిందీవారికి జాతి. 2022లో దానిని భారత్ రాష్ట్ర సమితిగా మార్చినప్పుడు హిందీ చెవికి పేరు చక్కబడింది, తెలుగు చెవికి వింత అయింది. ఎన్నికల సంఘం వర్గీకరణ ఇంకొక తమాషా. మనం జాతీయ పార్టీ అన్నదానిని హిందీలో రాష్ట్రీయ దల్ అంటారు. జాతీయ దల్ అంటే కులపు పార్టీ అవుతుంది. పత్రికలకు అనువాదాలు చేసే నా శిష్యులకు మొదటి రోజే ఈ రెండు మాటలు పలక మీద వ్రాసి చూపుతాను.

కాలం కొంత మారింది. 1998 మార్చి 24న అమలాపురం సభ్యుడు జి. యం. సి. బాలయోగిగారు లోక్‌సభ స్పీకరు అయ్యారు. దళిత కుటుంబం నుండి ఆ ఆసనం ఎక్కిన తొలివారు. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటుతో కేంద్ర ప్రభుత్వం పడిపోయినప్పుడు ఆ లెక్క చదివినవారు ఆయనే. 2024లో ఆ పార్టీ పదహారు స్థానాలతో కేంద్రానికి ఊతమయింది. ఢిల్లీలోనూ చదువుకొని, సభలో హిందీ ధారాళంగా మాట్లాడే రామ్మోహన్‌నాయుడుగారు పౌర విమానయాన మంత్రి అయ్యారు. 2025 ఫిబ్రవరిలో సభలోని అనువాద సౌకర్యాన్ని మరి ఆరు భాషలకు పెంచారు. అంతకు ముందే సభ్యులు చెవి యంత్రంలో వినగల పది ప్రాంతీయ భాషలలో తెలుగు ఒకటి. అశక్తతను ఒప్పుకొని తెలుగు మాట్లాడే సభ్యులు తగ్గిపోతున్నారు. సంతోషించవలసినదే. సంతోషిస్తూనే ఉన్నాను.

కొన్నేళ్ళ క్రితం మరొక పని మీద పార్లమెంటు గ్రంథాలయ భవనానికి వెళ్ళాను. బాలయోగిగారి పేరు పెట్టిన సభామందిరం అక్కడనే ఉన్నది. పని ముగిశాక, పాత చర్చల సంపుటాలు తెప్పించుకొని మా బాబాయిగారి ప్రసంగం వెదికాను. చెరకు బకాయిల మీద, తెలుగులో చేసినది. పేరు పక్కన చుక్క గుర్తు ఉన్నది. రెండు పుటలైనా లేదు. ‘మా రాష్ట్రం’ అన్నచోటనెల్లా తప్పులేని ఇంగ్లీషు. గాజు గదిలో కూర్చున్న ఆ అజ్ఞాత అనువాదకునికి నోరు జారలేదు. చివరి పంక్తిలో, రైతు చెడితే దేశం చెడుతుందని కాబోలు, ఆయన అన్నారు. ఇంగ్లీషులో దేశమంతటి అర్థమిచ్చే మాట వేశారు. యావద్భారతాన్ని అన్నారో, మన తెలుగు నేలను అన్నారో, లేక పత్రికలవారు రోజూ వ్రాసినట్లు ‘దేశం’ అంటే తమ పార్టీ అని చమత్కరించారో తెలియదు. చమత్కరించగలవారే. అడుగుదామంటే ఆయన పోయి అప్పటికే ఎనిమిదేళ్ళు. నేను ఆ పంక్తిని తెలుగులో మూడు విధాలుగా నా పుస్తకంలో వ్రాసుకొని, సంపుటాన్ని తిరిగి ఇచ్చేశాను.